జీరో బై జీరో దగ్గర పిల్లల్ని తొందరపెట్టకండి

మీ అమ్మాయో అబ్బాయో ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీలో ఉన్నా, సీబీఎస్ఈలో పదకొండో తరగతి చదువుతున్నా, ఈ ఏడాది ఏదో ఒక రాత్రి లిమిట్స్ లెక్క పట్టుకుని మీ దగ్గరికి వస్తారు. పైన ఒక పాలినామియల్, కింద ఒక పాలినామియల్. ఇచ్చిన విలువ వేసి చూస్తే పైనా సున్నా, కిందా సున్నా. “నాన్నా, జీరో బై జీరో వచ్చింది. ఎక్కడో తప్పు చేశానా?” అని అడుగుతారు. అప్పుడు మీరు చెప్పే మాట గురించే ఈ నాలుగు మాటలు.

హైటెక్ సిటీ, గచ్చిబౌలి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ చుట్టుపక్కల ఇళ్లలో ఈ ప్రశ్నకు జవాబు చాలా త్వరగా దొరుకుతుంది. అమ్మానాన్నల్లో ఒకరైనా ఇంజనీరింగ్ చదివి ఉంటారు. ఎంసెట్ కోసం బట్టీ పట్టిన సూత్రాలు కొన్ని ఇంకా నాలుక మీదే ఉంటాయి. “ఎల్ హాస్పిటల్ రూల్ వెయ్యమ్మా. పైది డిఫరెన్షియేట్ చెయ్, కిందది డిఫరెన్షియేట్ చెయ్, విలువ వెయ్, అయిపోతుంది” అంటారు. రాత్రి తొమ్మిదిన్నరకు అమెరికా వాళ్లతో కాల్ ఉంటుంది కాబట్టి అంతకంటే కూర్చునే తీరికా ఉండదు. అమ్మాయికి జవాబు దొరుకుతుంది. పుస్తకం వెనక ఇచ్చిన దానితో సరిపోతుంది కూడా. కానీ తను అడిగిన ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోతుంది.

నేను కోరేది ఒక్కటే. ఆ జీరో బై జీరో దగ్గర పిల్లల్ని కాసేపు ఉండనివ్వండి. క్యాలిక్యులస్ అనే చదువంతా అక్కడే మొదలవుతుంది. అక్కడ అర్థమైన పిల్లలకు ఆ తర్వాత వచ్చే డిఫరెన్షియేషన్ తేలిగ్గా పట్టుబడుతుంది. అర్థం కాని పిల్లలు సెకండియర్ దాకా సూత్రాలను మోసుకుంటూనే వెళ్తారు.

తప్పు జరగలేదని ముందు చెప్పండి

పిల్లల భయం పోగొట్టడానికి భాగహారం అంటే ఏమిటో ఒకసారి వెనక్కి వెళ్లి చూపించండి. 12 బై 3 అంటే 4. ఎందుకంటే 4ను 3తో గుణిస్తే 12 వస్తుంది. మరి 5 బై 0? సున్నాతో దేన్ని గుణించినా 5 రాదు. కాబట్టి ఆ ప్రశ్నకు జవాబే లేదు. ఇక 0 బై 0? సున్నాతో 7ను గుణించినా సున్నానే, 100ను గుణించినా సున్నానే. ఏ సంఖ్య చెప్పినా సరిపోతుంది. అందుకే దాని విలువ ఇంతా అని తేల్చలేం. మొదటి చోట జవాబు లేదు, రెండో చోట జవాబు ఇంకా తేలలేదు. ఈ తేడా పిల్లలకు పట్టుబడితే సగం దారి దాటినట్టే.

సాఫ్ట్‌వేర్‌లో పనిచేసే తల్లిదండ్రులకు ఇది రోజూ చూసే సంగతే. దశాంశాల లెక్కలకు కంప్యూటర్లు పాటించే ఐఈఈఈ 754 ప్రమాణం 1985లో వచ్చింది. దాని ప్రకారం 1ని సున్నాతో భాగిస్తే ఇన్ఫినిటీ వస్తుంది. సున్నాను సున్నాతో భాగిస్తే ‘నాన్’ వస్తుంది, అంటే ఇది సంఖ్య కాదని అర్థం. రెండిటినీ యంత్రం కూడా వేరుగానే చూస్తుంది. మీ ల్యాప్‌టాప్‌లో జావాలోనో జావాస్క్రిప్ట్‌లోనో రెండు లైన్లు రాసి ఈ తేడా చూపించండి. అమ్మ చేసే పనికీ తన పాఠానికీ సంబంధం ఉందని తెలిస్తే పిల్లలకు పాఠం మీద కొత్త ఆసక్తి పుడుతుంది.

ఇంకో మాట కూడా చెప్పండి. ఈ ప్రశ్న దగ్గర ఆగిపోయిన వాళ్లు చాలా పెద్దవాళ్లు. క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు సున్నాతో లెక్కలకు నియమాలు రాస్తూ, సున్నాను సున్నాతో భాగిస్తే సున్నా అన్నాడు. తొమ్మిదో శతాబ్దంలో గణితసార సంగ్రహం రాసిన మహావీరాచార్యుడు, ఒక సంఖ్యను సున్నాతో భాగిస్తే అది మారదన్నాడు. మన పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చుకున్నది ఆ గ్రంథాన్నే. పదిహేడో శతాబ్దంలో న్యూటన్, లైబ్నిట్జ్ క్యాలిక్యులస్ కట్టినా, దాని పునాదిలోని ఈ సందేహం తీరలేదు. ఫ్రాన్స్‌లో కోషీ 1821లో అచ్చువేసిన పాఠ్యగ్రంథంలో లిమిట్ అనే భావన మీద క్యాలిక్యులస్‌ను నిలబెట్టాడు. ఆ తర్వాత వైయర్‌స్ట్రాస్ దాన్ని ఇంకా బిగించాడు. బ్రహ్మగుప్తుడి నుంచి కోషీ దాకా దాదాపు 1,200 ఏళ్లు. అంతమంది మేధావులు అంతకాలం ఆలోచించిన చోట పదహారేళ్ల పిల్ల ఒక సాయంత్రం ఆగిందంటే తప్పేముంది? “ఇంత ఈజీ లెక్క రాదా?” అనే మాట మన నోట రాకుండా చూసుకుందాం.

దగ్గరికి వెళ్లడం అంటే ఏమిటి

మొదటి లెక్కగా చిన్నది తీసుకోండి. పైన ఎక్స్ స్క్వేర్ మైనస్ 4, కింద ఎక్స్ మైనస్ 2. ఎక్స్ 2కు దగ్గరవుతుంటే ఈ విలువ దేనికి దగ్గరవుతుంది?

సూత్రం ఏదీ చెప్పకుండా, ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తెరిచి ఎక్స్ స్థానంలో 1.9 వేయమనండి. 3.9 వస్తుంది. 1.99 వేస్తే 3.99. ఇప్పుడు రెండో వైపు నుంచి రమ్మనండి. 2.1 వేస్తే 4.1, 2.01 వేస్తే 4.01. సరిగ్గా 2 దగ్గర మాత్రం లెక్క కుదరదు. కానీ రెండు వైపుల నుంచీ విలువలు 4 వైపే వస్తున్నాయి. లిమిట్ అంటే ఆ 4. ఆ బిందువు దగ్గర ఏముందని లిమిట్ అడగదు. దానికి దగ్గరవుతుంటే విలువలు ఎటు పోతున్నాయనే అడుగుతుంది.

పిల్లలకు కళ్లకు కట్టాలంటే దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి గుర్తుచేయండి. 2020 సెప్టెంబరులో తెరిచిన ఆ వంతెన కడుతున్నప్పుడు, ముందే పోతపోసిన కాంక్రీటు ముక్కలను రెండు వైపుల నుంచీ ఒక్కొక్కటే బిగించుకుంటూ చెరువు మధ్యకు వచ్చారు. మధ్యలో పెట్టాల్సిన చివరి ముక్క ఒక్కటి ఇంకా పెట్టలేదనుకోండి. అక్కడ వంతెన లేదు. అయినా జూబ్లీహిల్స్ వైపు నుంచి చూసినవాళ్లూ, మాదాపూర్ వైపు నుంచి చూసినవాళ్లూ ఆ ఖాళీలో రోడ్డు ఎంత ఎత్తులో ఉండాలో ఒకే మాట చెప్పగలరు. పాఠంలో లెఫ్ట్ హ్యాండ్ లిమిట్, రైట్ హ్యాండ్ లిమిట్ అనేవి ఆ రెండు వైపుల చూపులే. రెండూ ఒకటైతేనే లిమిట్ ఉంది. రెండు వైపుల ఎత్తులూ కలవకపోతే లిమిట్ లేదు.

ఇక కారణాంకాల దగ్గరికి రండి. ఎక్స్ స్క్వేర్ మైనస్ 4 అంటే ఎక్స్ మైనస్ 2 ఇంటూ ఎక్స్ ప్లస్ 2. పైనా కిందా ఉన్న ఎక్స్ మైనస్ 2ను పిల్లలు టక్కున కొట్టేసి, ఎక్స్ ప్లస్ 2లో విలువ వేసి 4 అంటారు. ఇక్కడ ఒక్క ప్రశ్న అడగండి. “సున్నాతో భాగించకూడదు కదా, మరి దాన్ని ఎలా కొట్టేశావు?” చాలామంది పిల్లలు ఇక్కడ ఆగిపోతారు. ఆగనివ్వండి. ఎక్స్ 2కు దగ్గరవుతోంది కానీ 2 కావడం లేదు. కాబట్టి ఎక్స్ మైనస్ 2 ఎంత చిన్నదైనా సున్నా కాదు, దాన్ని కొట్టేయవచ్చు. ఈ అధ్యాయం మొత్తంలో పిల్లలు తమంతట తాము చెప్పాల్సిన వాక్యం ఇదే. మీరు చెప్పేస్తే వినేసి ఊరుకుంటారు. వాళ్ల నోటితో వస్తే గుర్తుంటుంది.

ఒక పేజీని దగ్గరగా చూద్దాం

తెలంగాణ ఇంటర్ బోర్డు ఫస్టియర్ మ్యాథ్స్ వన్ బీ పేపర్లో ఏళ్ల తరబడి రెండు మార్కుల ప్రశ్నగా అందరికీ తెలిసిన లెక్క ఒకటుంది. పైన ఎక్స్ స్క్వేర్ మైనస్ 8 ఎక్స్ ప్లస్ 15, కింద ఎక్స్ స్క్వేర్ మైనస్ 9. ఎక్స్ 3కు దగ్గరవుతోంది. 3 వేస్తే పైన 9 మైనస్ 24 ప్లస్ 15, అంటే సున్నా. కింద 9 మైనస్ 9, అదీ సున్నానే.

తొందరలో ఉన్న పిల్లలు ఇక్కడ చేసే పొరపాటు ఒకటుంది. పైనా ఎక్స్ స్క్వేర్ ఉంది, కిందా ఎక్స్ స్క్వేర్ ఉంది కదా అని రెండిటి మీదా అడ్డగీత గీసేస్తారు. పైన మైనస్ 8 ఎక్స్ ప్లస్ 15, కింద మైనస్ 9 మిగులుతాయి. 3 వేస్తే పైన మైనస్ 9, కింద మైనస్ 9. జవాబు 1. ఎంత శుభ్రంగా వచ్చిందో చూడండి! అలా చక్కగా వచ్చింది కాబట్టే అనుమానం రాదు.

ఇలాంటి పేజీ చూసినప్పుడు ఎర్ర పెన్ను తీయకండి. “3కు దగ్గరగా ఏదైనా ఒక నంబర్ వేసి చూద్దామా?” అనండి. 3.01 వేస్తే పైన మైనస్ 0.0199, కింద 0.0601. భాగిస్తే సుమారు మైనస్ 0.331. 2.99 వేస్తే సుమారు మైనస్ 0.336. 1 ఎక్కడ, మైనస్ 0.33 ఎక్కడ! తన జవాబు తప్పని మీరు చెప్పకుండానే పిల్లకు తెలిసిపోతుంది. అలా తనకు తాను దిద్దుకున్న తప్పు వల్ల చిన్నతనం అనిపించదు.

ఆ తర్వాత తొమ్మిదో తరగతిలో చదివిన కారణాంక సిద్ధాంతం గుర్తుచేయండి. 3 వేస్తే పాలినామియల్ సున్నా అయిందంటే, అందులో ఎక్స్ మైనస్ 3 కారణాంకంగా ఉండి తీరాలి. పైనా సున్నా, కిందా సున్నా అంటే రెండు చోట్లా ఎక్స్ మైనస్ 3 దాక్కుని ఉందన్నమాట. మొదట భయపెట్టిన జీరో బై జీరోనే ఇప్పుడు దేనికోసం వెతకాలో చెబుతోంది! పైది ఎక్స్ మైనస్ 3 ఇంటూ ఎక్స్ మైనస్ 5, కిందది ఎక్స్ మైనస్ 3 ఇంటూ ఎక్స్ ప్లస్ 3. కొట్టేశాక 3 వేస్తే మైనస్ 2 బై 6, అంటే మైనస్ 1 బై 3. క్యాలిక్యులేటర్ చూపించిందీ దాన్నే. సంకలనంలో ఉన్న పదాలను కొట్టేయకూడదు, గుణకారంలో ఉన్న కారణాంకాలనే కొట్టేయాలనే నియమం ఇక వేరుగా చెప్పక్కర్లేదు.

షార్ట్‌కట్‌కు సమయం వస్తుంది

ఎల్ హాస్పిటల్ రూల్ చెడ్డది కాదు. ఫ్రెంచి ప్రభువు లోపితాల్ 1696లో అచ్చువేసిన పుస్తకంతో అది లోకానికి తెలిసింది. దాని వెనక అసలు బుర్ర ఆయన డబ్బిచ్చి పాఠాలు చెప్పించుకున్న యోహాన్ బెర్నూలీది. అది నిజమైన సిద్ధాంతం, ఎంతో పనికొస్తుంది. జేఎన్‌టీయూ నిర్వహించే ఈఏపీసెట్‌లో మూడు గంటల్లో 160 ప్రశ్నలు, అందులో 80 లెక్కలే. అంత వేగంగా పరిగెత్తాల్సిన చోట షార్ట్‌కట్ వద్దని నేను అనను.

ఏది ముందు, ఏది తర్వాత అన్నదే నా పట్టింపు. పిల్లలకు డిఫరెన్షియేషన్ ఇంకా రాలేదు. లిమిట్స్ తర్వాతే అది వస్తుంది, లిమిట్స్ మీదే నిలబడుతుంది. ఎక్స్ పవర్ ఎన్‌కు డెరివేటివ్ కనుక్కోవాలన్నా ముందు ఇలాంటి జీరో బై జీరో లిమిట్ ఒకటి తేల్చాల్సిందే. ముందు వచ్చిన పాఠానికి తర్వాతి పాఠం నుంచి జవాబు తెచ్చి ఇస్తే, రెండూ పిల్లలకు మంత్రాల్లాగే మిగిలిపోతాయి.

ప్రమాదం ఇంకొకటి కూడా ఉంది. ఆ రూల్ జీరో బై జీరో, ఇన్ఫినిటీ బై ఇన్ఫినిటీ రూపాలకే. ఎక్స్ స్క్వేర్ ప్లస్ 5 బై ఎక్స్ ప్లస్ 1లో ఎక్స్ 1కి దగ్గరవుతుంటే, నేరుగా విలువ వేస్తే చాలు, 6 బై 2, అంటే 3. అలవాటుగా రూల్ వేసేస్తే 2 ఎక్స్ బై 1, అంటే 2 వస్తుంది. తప్పు. విలువ వేసి చూడటం అనే మొదటి మెట్టు ఎక్కని పిల్లలు ఇలాగే మార్కులు పోగొట్టుకుంటారు.

కాబట్టి ఇంట్లో ఒక చిన్న ఒప్పందం పెట్టుకోండి. డిఫరెన్షియేషన్ అధ్యాయం కాలేజీలో పూర్తయ్యేదాకా ఆ రూల్ వద్దు. పూర్తయ్యాక, కారణాంకాలతో చేసిన లెక్కనే రూల్‌తో మళ్లీ చేయించండి. రెండు జవాబులూ కలిసినప్పుడు పిల్లలు పొందే సంతోషం మీరే చూస్తారు.

“ఇదంతా ఎందుకు?” అని అడిగితే

తప్పకుండా అడుగుతారు. మంచి ప్రశ్న. అదే ఏడాది ఫిజిక్స్‌లో పైనుంచి కింద పడే వస్తువు గురించి చదువుతారు. గురుత్వ త్వరణం సుమారు 10 అనుకుంటే, టీ సెకన్లలో అది పడే దూరం 5 టీ స్క్వేర్ మీటర్లు. సరిగ్గా రెండో సెకను దగ్గర దాని వేగం ఎంత?

రెండో సెకను నుంచి మూడో సెకను దాకా సగటు వేగం సెకనుకు 25 మీటర్లు. 2 నుంచి 2.1 సెకన్ల దాకా చూస్తే 20.5. 2 నుంచి 2.01 దాకా చూస్తే 20.05. సరిగ్గా 2 దగ్గర కావాలంటే పోయిన దూరం సున్నా, పట్టిన కాలం సున్నా. మళ్లీ జీరో బై జీరో! రాసి చూస్తే పైన 5 టీ స్క్వేర్ మైనస్ 20, కింద టీ మైనస్ 2. కారణాంకాలు చేస్తే 5 ఇంటూ టీ ప్లస్ 2 మిగులుతుంది. 2 వేస్తే 20. సెకనుకు 20 మీటర్లు. ఒక క్షణంలో వేగం అంటే ఏమిటో చెప్పడానికి లిమిట్ తప్ప వేరే దారి లేదని పిల్లలకు ఈ ఒక్క లెక్కతో తెలుస్తుంది. డెరివేటివ్ అనే పేరు వినకముందే డెరివేటివ్ కట్టేసినట్టు.

ఇన్ఫినిటీ లెక్కలకూ ఇదే పద్ధతి. 11 ఎక్స్ క్యూబ్ మైనస్ 3 ఎక్స్ ప్లస్ 4 బై 13 ఎక్స్ క్యూబ్ మైనస్ 5 ఎక్స్ స్క్వేర్ మైనస్ 7లో ఎక్స్ అంతులేకుండా పెరుగుతుంటే, “ఇన్ఫినిటీ బై ఇన్ఫినిటీ కదా, 1” అనేస్తారు. ఎక్స్‌కు 1000 వేయమనండి. సుమారు 0.8465 వస్తుంది. 11 బై 13 సుమారు 0.8462. పెద్ద పవర్ ముందు చిన్న పవర్లు నిలవవని కళ్లారా చూస్తారు.

మీకు లెక్కలు రాకపోయినా ఫర్వాలేదు

హైటెక్ సిటీ చుట్టుపక్కల అందరూ ఇంజనీర్లే కాదు. అక్కడి కంపెనీల ముందు క్యాబ్ నడిపేవాళ్లు, క్యాంటీన్లలో వండేవాళ్లు, గేటు దగ్గర డ్యూటీ చేసేవాళ్లు, ఆఫీసులు శుభ్రం చేసేవాళ్లు కూడా తమ పిల్లల్ని ఎంపీసీ చదివిస్తున్నారు. వారికి ప్రత్యేకంగా ఒక మాట. మీ బిడ్డకు లిమిట్స్ నేర్పడానికి మీకు లిమిట్స్ రానక్కర్లేదు. పక్కన కూర్చుని నాలుగు ప్రశ్నలు అడిగితే చాలు.

విలువ వేస్తే ఏమొచ్చింది? పైనా కిందా రెండు చోట్లా ఉన్నది ఏది? దాన్ని కొట్టేయవచ్చని ఎలా తెలుసు? ఫోన్‌లో దగ్గరి నంబర్ వేసి చూశావా?

ఈ నాలుగిటికీ జవాబు చెప్పడానికి పిల్లలు తమ ఆలోచనను మాటల్లో పెట్టాలి. మాటల్లో పెట్టగలిగితే అర్థమైనట్టే. మీకు తెలియదు కాబట్టి మీకు అర్థమయ్యేలా చెప్పాలి. ఆ విషయంలో ఇంజనీరు తండ్రికంటే మీకే వీలు ఎక్కువ. ఆయన జవాబు చెప్పేయకుండా ఆపుకోవాలి. మీకు ఆ ఇబ్బంది లేదు.

వేళ గురించి కూడా ఆలోచించండి. పొద్దున్నే కాలేజీకి బయల్దేరి, స్టడీ అవర్లు ముగించుకుని చీకటి పడ్డాక ఇల్లు చేరే పిల్లలకు రాత్రి పదిన్నరకు ఇరవై లెక్కలు పెట్టడం న్యాయం కాదు. ఆదివారం పొద్దున టిఫిన్ అయ్యాక ఒకే ఒక్క లెక్క తీసుకోండి. క్యాలిక్యులేటర్‌తో ఒకసారి, కారణాంకాలతో ఒకసారి, వీలైతే గ్రాఫ్ గీసి ఒకసారి చేయించండి. మిగతా పందొమ్మిదీ కాలేజీలో ఎలాగూ చేస్తారు. వారం పరీక్షలో మార్కు తగ్గిందని మెసేజ్ వస్తే, మార్కు గురించి అడగకుండా ఆ ప్రశ్నపత్రం తెప్పించుకుని ఏ లైను దగ్గర ఆగారో చూడండి. చాలాసార్లు తప్పు లిమిట్స్‌లో ఉండదు, తొమ్మిదో తరగతి కారణాంకాల్లో ఉంటుంది. దాన్ని ఒక వారంలో సరిచేయవచ్చు. అది తెలియక బిడ్డకు లెక్కలే రావని తేల్చేసుకోవడం మాత్రం పెద్ద నష్టం.

ఎంపీసీ తీసుకున్న ప్రతి పిల్లా ఐఐటీకి వెళ్లదు, వెళ్లనక్కర్లేదు కూడా. కానీ తేలని ప్రశ్న ఎదురైనప్పుడు బెదరకుండా, దానికి రెండు వైపుల నుంచీ దగ్గరకు వెళ్లి చూడటం ఏ చదువులోనైనా, ఏ ఉద్యోగంలోనైనా పనికొస్తుంది. ఆ అలవాటు నేర్పడానికి ఈ అధ్యాయం కంటే మంచి అవకాశం ఇంటర్ సిలబస్‌లో నాకు కనబడలేదు. దయచేసి దాన్ని జారవిడుచుకోకండి. ఈసారి మీ బిడ్డ జీరో బై జీరో వచ్చిందని చెబితే, “మంచిది, ఇప్పుడే లెక్క మొదలైంది” అనండి. అని, పక్కన కూర్చోండి.